నిఘా ఫైలు ఎవరిది? స్టాసీ రికార్డుల చట్టం చెప్పిన జవాబు

తూర్పు జర్మనీ రహస్య పోలీసు శాఖను అందరూ స్టాసీ అనేవారు. 1950 ఫిబ్రవరిలో పుట్టిన ఆ సంస్థ దాదాపు నలభై ఏళ్లు బయటి శత్రువుల మీద కంటే సొంత ప్రజల మీదే ఎక్కువ కన్నేసి ఉంచింది. 1989 నాటికి అందులో జీతం తీసుకునే ఉద్యోగులే సుమారు 91 వేల మంది. వారికి చాటుగా సమాచారం మోసే ఇన్‌ఫార్మర్లు మరో లక్షా 70 వేలకు పైనే. దేశ జనాభా చూస్తే కోటీ 60 లక్షలు. ఉత్తరాలు విప్పి చదివి మళ్లీ అంటించేవారు. ఫోన్లు వినేవారు. ఎవరింటికి ఎవరు వచ్చారు, భోజనాల దగ్గర ఏం మాట్లాడుకున్నారు, భార్యాభర్తల మధ్య సఖ్యత ఉందా లేదా, అన్నీ కాగితం మీదికి ఎక్కేవి. మిగిలిన ఫైళ్లను అరల్లో వరుసగా పేరిస్తే 111 కిలోమీటర్లు.

1989 నవంబరులో బెర్లిన్ గోడ కూలాక స్టాసీ ఆఫీసుల్లో కాగితాలు చించడం, కాల్చడం మొదలైంది. పొగ చూసి ఊరివాళ్లకు సంగతి అర్థమైంది. డిసెంబరు 4న ఎర్ఫుర్ట్ పట్టణంలో జనం, ముందు నిలిచిన మహిళల వెంట, స్టాసీ కార్యాలయాన్ని ఆక్రమించారు. మిగతా పట్టణాలూ అదే దారి పట్టాయి. 1990 జనవరి 15న బెర్లిన్‌లోని ప్రధాన కార్యాలయం జనం చేతికి వచ్చింది. అప్పటికే చించిన కాగితాలు దాదాపు 16 వేల సంచులు నిండాయి. విదేశీ గూఢచర్య విభాగం మాత్రం తన ఫైళ్లను చాలావరకు ధ్వంసం చేసుకోగలిగింది. అదీ అధికారిక అనుమతితోనే.

ఆ ఫైళ్లను ఏం చేయాలన్నదే అసలు తగువు. తగలబెట్టేస్తే పీడ విరగడవుతుందన్నవాళ్లు తక్కువేం కాదు. పక్కింటివాడే తన మీద నివేదికలు రాశాడని తెలిస్తే రక్తపాతం తప్పదని వారి భయం. పశ్చిమ జర్మనీ అధికారులు తాళం వేసి జాతీయ ఆర్కైవ్స్‌లో పెడదామన్నారు. నిఘాకు గురైనవాళ్లకు ఈ రెండూ నచ్చలేదు. 1990 సెప్టెంబరులో ఉద్యమకారులు బెర్లిన్ కార్యాలయాన్ని మళ్లీ ఆక్రమించి నిరాహార దీక్షకు కూర్చున్నారు. వారిలో బేర్బెల్ బోలై, పాటల రచయిత వోల్ఫ్ బీర్మన్ ఉన్నారు. అక్టోబరు 3న రెండు జర్మనీలు కలిసేలోపే దిగివచ్చిన ప్రభుత్వాలు, ఫైళ్లు తెరిచేందుకు చట్టం చేస్తామని ఒప్పందంలో రాసుకున్నాయి. 1991 డిసెంబరు 29న స్టాసీ రికార్డుల చట్టం అమల్లోకి వచ్చింది. మరో నాలుగు రోజులకు, 1992 జనవరి 2న, మొదటి పాఠకులు తమ జీవితాల మీద ఇతరులు రాసిన ఫైళ్ల ముందు కూర్చున్నారు. ఆ బాధ్యత చూసిన కార్యాలయానికి తొలి అధిపతి యోఆఖిమ్ గౌక్. తూర్పు జర్మనీలో పాస్టరుగా పనిచేసిన ఆయన తర్వాతి కాలంలో దేశాధ్యక్షుడయ్యారు.

గూఢచారి రికార్డుకు మామూలు గోప్యతా సూత్రాలు సరిపోవు. బ్యాంకు ఖాతాదారు సమాచారాన్ని బ్యాంకుకు తానే ఇస్తాడు. నిఘా ఫైలులో ఉన్నది దొంగిలించిన సమాచారం. అందులో ఒక్క మనిషి ఉండడు. నిఘాకు గురైనవాడుంటాడు, అతని మీద రాసినవాడుంటాడు, కథలో ఏ పాత్రా లేకపోయినా పేరు దొర్లిన పొరుగింటావిడ ఉంటుంది. ఈ ముగ్గురి గోప్యతనూ ఒకే త్రాసులో తూచకపోవడమే ఈ చట్టం తెలివి. వ్యక్తులను అది పాత్రను బట్టి విడదీసింది. ఒకరు బాధితులు. రెండోవారు స్టాసీ కోసం పనిచేసినవారు, జీతగాళ్లయినా ఇన్‌ఫార్మర్లయినా. స్టాసీ ఆశ్రయంతో లాభపడినవారు ఇంకొక తరగతి. ప్రస్తావనకు మాత్రమే వచ్చినవారు చివరి తరగతి.

బాధితులకు తమ ఫైలు చదివే హక్కు ఉంది. ఉచితంగా చదవవచ్చు, నకళ్లు తీసుకోవచ్చు. కానీ ఫైలు చేతికి వచ్చేలోపు సిబ్బంది ఒక్కో పేజీ చూసి, ఇతర బాధితుల, ప్రస్తావనకు వచ్చినవారి సొంత విషయాలను, పొరుగింటావిడ జబ్బునో పెళ్లి గొడవనో, నల్లసిరాతో కప్పేస్తారు. తన మీద గూఢచర్యం చేశారన్న కారణంతో ఇంకొకరి గుట్టు చదివే హక్కు రాదు. ఇన్‌ఫార్మర్ పేరు సంగతి వేరు. ఫైళ్లలో వాళ్లు మారుపేర్లతోనే కనిపిస్తారు. బాధితుడు అడిగితే, ఆ మారుపేరు వెనుక ఉన్న మనిషి ఎవరో రికార్డుల ఆధారంగా తేలినప్పుడు, అసలు పేరు చెప్పి తీరాలి. బెదిరింపుకు లొంగి రాశాడా, డబ్బుకు ఆశపడ్డాడా అన్న ప్రశ్న ఇక్కడ రాదు. శాంతి ఉద్యమకారిణి వేరా వోలెన్‌బెర్గర్ మీద నివేదికలు పంపిన ‘డోనాల్డ్’ ఆమె భర్తేనని తేలింది.

చట్టంలో అన్నిటికంటే పదునైన ముక్క మరొకటుంది. ఈ తరగతి ముద్ర మనిషి మీద కాదు, ఒక్కో సమాచారం మీద పడుతుంది. ఒక కవి 1975లో స్నేహితుల గురించి నివేదికలు రాసి, 1980లో తానే నిఘాలో పడ్డాడనుకుందాం. మొదటి కాగితాల్లో అతడు ఇన్‌ఫార్మర్, రెండో కట్టలో బాధితుడు. మొదటివాటిలో అతని పేరు దాగదు. రెండోవాటిలో అతని సొంత జీవితానికి పూర్తి రక్షణ ఉంటుంది. మంచివాళ్లు, చెడ్డవాళ్లు అని రెండు జాబితాలు రాసి చేతులు దులుపుకోవడం సులువు. చట్టం ఆ పని చేయలేదు.

బాధితుల సమాచారాన్ని వారికే కీడు చేసేలా వాడకూడదని మరో నిబంధన. ఐక్య జర్మనీ గూఢచార సంస్థలకు సైతం బాధితుల ఫైళ్లు ఇవ్వకూడదు. పాత దొంగసొత్తును కొత్త ప్రభుత్వం అనుభవించకూడదన్నమాట. ఇళ్లలో స్టాసీ కాగితాలు దాచుకున్నవారు అప్పగించాలి. బాధితుల వివరాలున్న అసలు కాగితాలను అనుమతి లేకుండా యథాతథంగా ప్రచురిస్తే మూడేళ్ల వరకు జైలు.

పరిశోధకులకు, పత్రికలకు దారి ఇంకా ఇరుకు. స్టాసీ ఉద్యోగుల, ఇన్‌ఫార్మర్ల పనుల గురించి రాయవచ్చు, పద్దెనిమిదేళ్లు నిండకముందు చేసినవి తప్ప. పదవుల్లో ఉన్న ప్రముఖుల గురించి ఎంత ఇవ్వాలన్నది మాత్రం కోర్టుల దాకా పోయింది. మాజీ ఛాన్సలర్ హెల్ముట్ కోల్ పార్టీ విరాళాల కుంభకోణంలో చిక్కుకున్నప్పుడు, ఆయన మీద స్టాసీ పోగేసిన కాగితాలను పత్రికలు అడిగాయి. కోల్ కోర్టుకెక్కారు. ఆయనా నిఘా బాధితుడేనని, అనుమతి లేకుండా ఇవ్వరాదని 2002 మార్చిలో అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం తీర్పు చెప్పింది. పార్లమెంటు అదే ఏడాది చట్టం సవరించింది. ప్రజాజీవితానికి సంబంధించిన సమాచారం ఇవ్వవచ్చు, అయితే ముందుగా ఆ వ్యక్తికి తెలియజేయాలి, గోప్యతతో తూచి చూడాలి. 2004లో మళ్లీ కోర్టుకు వెళ్లినప్పుడు, చాటుగా విని రాసుకున్న సంభాషణలు పత్రికలకు చేరకూడదన్న గీత పడింది. తన గురించిన సమాచారాన్ని చెరిపేయమని కోరే హక్కు మొదటి చట్టంలో ఉండేది. దాని అమలు గడువు వాయిదా పడుతూ వచ్చి, 2002 సవరణతో ఆ హక్కే పోయింది. చరిత్ర గెలిచింది, గోప్యత కొంత ఓడింది. రెండింటినీ పూర్తిగా కాపాడే దారి ఎవరికీ దొరకలేదు.

ప్రపంచంలో మామూలు పద్ధతి దీనికి తలకిందులుగా ఉంటుంది. అమెరికా 1974 ప్రైవసీ చట్టం ప్రభుత్వ రికార్డుల్లో తన గురించి ఏముందో చూసే హక్కు పౌరులకు ఇస్తూనే, సీఐఏ తన రికార్డులను అందులోని చాలా నిబంధనల నుంచి తప్పించుకునే వీలు కల్పించింది. భారత్‌లో 2005 సమాచార హక్కు చట్టంలోని 24వ సెక్షన్ ఇంటెలిజెన్స్ బ్యూరో, రా వంటి సంస్థలను పక్కన పెట్టింది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారమే అడగవచ్చు. ఈ చట్టాలు ముందుగా కాపాడేది రాసినవాణ్ని. జర్మన్ చట్టం కాపాడింది ఎవరి గురించి రాశారో వారిని. అయితే ఒక తేడా మరువకూడదు. స్టాసీ అప్పటికే చచ్చిన సంస్థ. బతికున్న గూఢచార సంస్థల ఫైళ్లకు జర్మనీ కూడా ఇంత ఉదారత చూపదు.

భయపడినంత రక్తపాతం జరగలేదు. కాపురాలు, స్నేహాలు కూలాయి, ఉద్యోగాలు పోయాయి, కానీ జనం ప్రతీకారానికి దిగలేదు. సొంత ఫైలు చూపమంటూ ఇప్పటిదాకా వచ్చిన దరఖాస్తులు 30 లక్షలు దాటాయి. చించిన కాగితాల్లో కొన్ని వందల సంచుల ముక్కల్ని చేత్తోనే ఒకటొకటిగా అతికించారు. 2021 జూన్ 17న ఈ రికార్డులన్నీ జాతీయ ఆర్కైవ్స్‌లో కలిశాయి, చట్టంలోని హక్కులు మాత్రం అలాగే నిలిచాయి. బాధితుడు చనిపోయి ఉంటే, తగిన కారణం చూపి దగ్గరి బంధువులు ఆ ఫైలు అడగవచ్చు.