ప్రకృతి వైద్యులు - రాష్ట్రముల యెల్లలు

చెన్నపట్టణమునుండి నెల్లూరికి బోవు పెద్దబాటపై ఆరంబాకము దాటినంతనే తడ వచ్చును. అచ్చట రాష్ట్రములు రెండైనను పులికాటు సరస్సు ఒక్కటియే. తెలుగును అరవమును ఆ ప్రాంతపు సంతలలో కలిసియే వినవచ్చును. మధుమేహమును కీళ్లనొప్పులును ఎల్లకిరువైపుల నొక్కరీతినే బాధించుచున్నవి. అయినను తమిళనాట యథావిధిగా నమోదైన ప్రకృతి వైద్యుడు తడలో చికిత్సాలయము నెలకొల్పదలచెనేని, ఆతని రిజిస్ట్రేషను పత్రము ఇచ్చట దానంతట చెల్లనేరదు. ఆంధ్రప్రదేశపు అధికారులకు మరల దరఖాస్తు పెట్టుకొనవలసినదే. ఎల్ల దాటినంతమాత్రమున వైద్యుని విద్య తఱిగిపోవునా? ఈ చిక్కునకు మూలమేది, దీనిని తీర్చు మార్గమేది యని విచారించుట యావశ్యకము.

ప్రకృతి చికిత్స తెలుగువారికి క్రొత్తది కాదు. జర్మనీ దేశీయుడగు లూయీ కూనే రచించిన గ్రంథమును ద్రోణంరాజు వెంకటచలపతిశర్మగారు 1894 లో తెనిగించిరి. భారతదేశమున నీ యుద్యమమునకు అదియే నాంది యని పేర్కొనుట వాడుక. గాంధీమహాత్ముడు 1946 లో పూనాసమీపమున ఉరుళీకాంచనమున ప్రకృతి చికిత్సాశ్రమమును స్థాపించెను. నేడది విశ్వవిద్యాలయ విద్యగా పరిణమించినది. బి.ఎన్.వై.ఎస్. పట్టము గోరు విద్యార్థి నాలుగున్నర సంవత్సరములు శారీరశాస్త్రాదులు చదివి, పిదప నొక సంవత్సరము ఆసుపత్రిలో శిక్షణ పొందవలెను. చెన్నై అరుంబాక్కములోని ప్రభుత్వ కళాశాలలోను, హైదరాబాదులోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాలలోను బోధింపబడునది యీ పట్టమే. పట్టమొక్కటియైనపుడు దానికి గౌరవము మాత్రము రెండువిధములుగా నుండుట న్యాయము కాదు.

1953 అక్టోబరు 1 వఱకు తడయు చెన్నపట్టణమును ఒకే రాష్ట్రములో నుండెను. ఆంధ్రరాష్ట్ర మేర్పడగా ఎల్ల యేర్పడినది, దానితో వేర్వేరు శాసనములును వేర్వేరు అధికారులును వచ్చిరి. అది సహజమే. ఒక రాష్ట్రపు శాసనము ఆ రాష్ట్రపు టెల్లతోనే నిలిచిపోవును. కాని తక్కిన వృత్తులవారికి కేంద్రశాసనము వంతెన కట్టినది. 1961 నాటి అడ్వకేట్ల శాసనము ననుసరించి, ఒక రాష్ట్రపు పట్టికలోని న్యాయవాది తన పేరును మఱియొక రాష్ట్రపు పట్టికకు రుసుము లేకయే మార్పించుకొనవచ్చును. ఆతనిపై క్రమశిక్షణ విచారణ సాగుచున్నచో నా కోరికను త్రోసిపుచ్చు అధికారము బారు కౌన్సిలునకు గలదు. అలోపతి వైద్యులకు జాతీయ రిజిస్టరు గలదు. ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యులకు 1970 శాసనమును, దాని స్థానమున వచ్చిన 2020 శాసనమును అట్టి రిజిస్టరునే కల్పించినవి. ప్రకృతి వైద్యులకు మాత్రము ఆ శాసనములలో చోటు దొరకలేదు.

ఇంతకంటె వింత మఱియొకటి గలదు. 2014 లో నేర్పడిన ఆయుష్ మంత్రిత్వశాఖ పేరులోనే యోగ ప్రకృతి చికిత్సలకొక యక్షరము గలదు. ఆ వైద్యునకు శాసనబద్ధమగు దేశవ్యాప్త పట్టిక మాత్రము లేదు. కర్ణాటకము తన 1961 శాసనమున ప్రకృతి వైద్యులను గూడ చేర్చుకొన్నది. శాసనము గల చోట నొక పద్ధతి, లేనిచోట మఱియొక పద్ధతి. పేరున గౌరవించి పనిలో విస్మరించుట ప్రభుత్వమునకు వన్నెతెచ్చునది కాదు.

ద్వారము తెఱచినచో దొంగవైద్యులు జొరబడుదురని కొందఱు శంకింతురు. ఆ భయము నిరాధారమని మేమనము. కొలదిదినముల తరగతికి హాజరై, యొక కాగితము సంపాదించి, డాక్టరను బిరుదు తగిలించుకొనువారు లేకపోలేదు. అట్టివాని మాటవిని ఇన్సులిను మానిన మధుమేహరోగి ప్రాణములకే ముప్పు. 1996 లో సుప్రీంకోర్టు ఒక కేసులో, తానెఱుగని పద్ధతిలో చికిత్స చేయుటయే నిర్లక్ష్యమని తీర్పు చెప్పినది. కాని పాఠకులొకటి గమనింపవలెను. మోసగాడు ఏ యధికారికిని దరఖాస్తు పెట్టడు. గడియ తలుపు తట్టువానినే యాపును గాని గోడ దూకువాని నాపనేరదు. పట్టభద్రుని యేండ్లతరబడి త్రిప్పుటవలన రోగికి రక్షణ చేకూరదు. ఎవడు వైద్యుడో యెవడు కాడో తెలుపు పట్టికవలననే చేకూరును.

అమెరికా సంయుక్తరాష్ట్రములలోను ఈ సమస్యయే కలదు. ఒరిగాన్, వాషింగ్టన్ మొదలగు రాష్ట్రములు ప్రకృతి వైద్యులకు లైసెన్సు నొసగుచున్నవి. ఫ్లోరిడా 1959 లో క్రొత్త లైసెన్సుల నిచ్చుట మానివేసినది. అయినను లైసెన్సునిచ్చు రాష్ట్రములకు ఎన్.పి.ఎల్.ఇ.ఎక్స్. అను ఉమ్మడి పరీక్ష గలదు. ఎల్లలు తొలగకున్నను కొలబద్ద యొక్కటియైనచో చిక్కు సగము తీరును.

మన రాజ్యాంగపు 19వ అధికరణము వృత్తిస్వాతంత్ర్యము నిచ్చుచు, అర్హతలు విధించు నధికారమును గూడ ప్రభుత్వమునకొసగినది. వైద్యవృత్తి ఉమ్మడిజాబితాలోని 26వ యంశము. కావున పార్లమెంటు తలచినచో శాసనము చేయుట కడ్డులేదు. ప్రకృతి వైద్యులకు జాతీయ రిజిస్టరును కల్పించుటయే శాశ్వతమగు పరిష్కారము.

అంతవఱకు ఆంధ్రప్రదేశ, తమిళనాడు ప్రభుత్వములు తమలో తామొక యొడంబడిక చేసికొనవచ్చును. పట్టము నిజమైనదో కాదో విశ్వవిద్యాలయమునుండియే తెలిసికొనవలెను. వైద్యునిపై విచారణగాని శిక్షగాని లేదను ధ్రువపత్రము మొదటి రాష్ట్రపు అధికారులనుండి నేరుగా రావలెను. ఇవి సరిపోయినచో మరల పరీక్ష పెట్టరాదు. నిర్ణీతమైన గడువులో అనుమతియో, కారణసహితమగు నిరాకరణమో వ్రాతమూలముగా నీయవలెను. ఒకచోట పేరు కొట్టివేయబడినవాడు రెండవచోట తలదాచుకొనకుండ సమాచారము వెంటనే చేరవలెను. తనకు మించిన వ్యాధిని, ప్రాణాపాయస్థితిని ఆలస్యము లేక పెద్దాసుపత్రికి పంపవలెనను నియమము ఇరుతావుల నొక్కటిగా నుండవలెను.

తడ 2022 లో నెల్లూరు జిల్లానుండి తిరుపతి జిల్లాకు మారినది. దానివలన అచ్చటి వైద్యుల యర్హత మారలేదు. రాష్ట్రపు టెల్లకును న్యాయమిదియే. పరిపాలనకై గీచిన గీత వైద్యుని విద్యకు గాని, రోగి ప్రాణమునకు గాని అడ్డుగోడ కారాదు. శాసనసభ్యులును పార్లమెంటు సభ్యులును ఈ విషయమున శ్రద్ధవహింతురుగాక.