చిన్న పాపకు కుర్చీ

పిల్లలూ! మీ ఇంట్లో మూడేళ్ళ తమ్ముడుగాని చెల్లెలుగాని ఉంటే, భోజనానికి ఎక్కడ కూర్చుంటారో చూడండి. పెద్దవారి కుర్చీలో కూర్చోబెడితే కాళ్ళు వేలాడుతాయి. కొంతసేపటికి మోకాళ్ళ వెనుక నొప్పి పుడుతుంది. పాప ముందుకు జారుతుంది, లేక కుర్చీమీద నిలబడుతుంది. పడితే తలకు దెబ్బ తగులుతుంది. అందుచేత చిన్నవారికి చిన్న కుర్చీ కావాలి. మన తాత ముత్తాతలకు పీట ఉండేది. పీట మంచిదే, కాని వీపు ఆనించడానికి దానికి ఏమీ లేదు.

ముందు కొయ్య సంగతి చెప్పుకుందాము. అరేబియా దేశాలలో ఒమాన్ ఒకటి. దాని రాజధాని మస్కట్. అక్కడినుండి లోపలికి వెళితే సమాయిల్ అనే ఊరు వస్తుంది. అది తూర్పు హజర్ కొండలకు, పడమటి హజర్ కొండలకు నడుమ ఉన్న లోయ. ఫలజ్ అనే కాలువల నీటితో అక్కడ ఖర్జూరపు తోటలు పెరుగుతాయి. ఖర్జూరపు చెట్టు పండ్లు ఇస్తుంది. ఆకులతో చాపలు అల్లుతారు, మట్టలతో పందిళ్ళు వేస్తారు, మొద్దును చీల్చి దూలాలు చేస్తారు. ఇంత ఇచ్చే చెట్టు కుర్చీకి మాత్రం మంచి పలక ఇవ్వదు! ఎందుకు? చెరకుగడను చీల్చి చూడండి. లోపల పొడుగాటి పీచులు కనబడతాయి. ఖర్జూరపు మొద్దు లోపల కూడా అటువంటి పీచులే. టేకువలె గట్టి చేవ అందులో ఉండదు. చిత్రిక పడితే పీచు లేస్తుంది. అందుకే పూర్వం ఒమాన్ వారు తలుపులకు, ఓడలకు టేకును ఇండియాలోని మలబారు తీరంనుండి ఓడలమీద తెప్పించుకునేవారు.

ఈనాడు ఒమాన్‌లో తెలుగువారు చాలామంది పని చేస్తున్నారు. వారిలో వడ్రంగులు కూడా ఉన్నారు. మన పెద్దలు ఓడలమీద మారిషస్ వచ్చారు. కోరంగి రేవు పేరుతోనే మనకు ఇక్కడ కోరంగివారని పేరు వచ్చింది. మనవారు ఇక్కడే ఉండిపోయారు. ఒమాన్ వెళ్ళినవారిలో ఎక్కువమంది కొన్నేళ్ళు పని చేసి ఇంటికి తిరిగి వెళతారు.

వడ్రంగికి సమాయిల్‌లో ఒక చిక్కు ఉంది. వేసవిలో అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలి పొడిగా ఉంటుంది. తడి ఉన్న కొయ్యతో కుర్చీ చేస్తే కొయ్య ఎండి కుంచించుకుపోతుంది. అతుకులు వదులవుతాయి. మన దేశంలో కూడా ఇది చూడవచ్చు. క్యూర్పీప్‌లో వానలు ఎక్కువ, పోర్ట్ లూయీలో ఎండ ఎక్కువ. క్యూర్పీప్‌లో చేసిన బల్లను పోర్ట్ లూయీ తీసుకువెళితే కిర్రుమనవచ్చు. కొయ్య పొడవులో తగ్గేది చాలా తక్కువ, వెడల్పులోనే తగ్గుతుంది. కాబట్టి కొయ్యను బాగా ఆరబెట్టాలి. కూర్చునే చోట ఒకే వెడల్పు పలక బిగించకుండా, మూడు సన్నని పలకలను కొంచెం సందు వదిలి అమర్చాలి. అప్పుడు కొయ్య పెరిగినా తగ్గినా పగలదు. పనస కొయ్య దీనికి బాగుంటుంది.

ఇక కొలతలు. పుస్తకంలోని కొలత వద్దు, పాపనే కొలవండి. పాదం నేలమీద ఆనించి, మడమనుండి మోకాలి వెనుకవరకు దారంతో కొలవాలి. అదే కుర్చీ ఎత్తు. మూడేళ్ళవారికి ఇది 25 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. తుంటినుండి మోకాలి వెనుకవరకు కొలిచి, రెండు వేళ్ళ మందం తగ్గిస్తే కుర్చీ లోతు వస్తుంది.

కాళ్ళు నిటారుగా ఉండకూడదు. కిందికి పోయినకొద్దీ కొంచెం బయటకు వంగాలి. పాప వెనుకకు వాలినప్పుడు కుర్చీ బోర్లాపడకుండా ఆ వెడల్పే కాపాడుతుంది. కాళ్ళను కలిపే అడ్డకర్రలు పక్కలకు, వెనుకకు చాలు. ముందు పెడితే పాప దానిమీద కాలు వేసి ఎక్కుతుంది, కుర్చీ ముందుకు పడుతుంది. పిల్లలు మనం అనుకున్నట్టు ఎక్కడ కూర్చుంటారు! మేకులకంటె బెజ్జంలో బిగించిన అతుకు మేలు. కాలికి బెజ్జం తొలిచి, అడ్డకర్ర కొనను నాలుకవలె చెక్కి, జిగురు పూసి దిగగొట్టాలి. రంపము, ఉలి పట్టే పని పెద్దలది. గరుకు కాగితంతో అంచులు గుండ్రంగా రుద్దే పని మీరు చేయవచ్చు. రంగు వేస్తే సీసం లేనిదే వేయాలి. చిన్నవారు కుర్చీని కొరుకుతారు, సీసం విషం.

చివరకు కుర్చీని సమమైన నేలమీద పెట్టండి. ఊగితే ఏ కాలో పొట్టిగా ఉన్నట్టే. మూడు కాళ్ళ పీట ఎక్కడ పెట్టినా ఊగదు, నాలుగో కాలుతోనే తంటా. కంటితో చూసి ఒక కాలు, మరొక కాలు కోస్తూ పోతే కుర్చీ పీట అయిపోతుంది! పొట్టి కాలి కింద అట్టముక్కలు పెట్టి, ఊగడం ఆగేవరకు సరిచేయండి. ఆ అట్టముక్కల ఎత్తును మిగిలిన మూడు కాళ్ళకు పెన్సిలుతో గుర్తుపెట్టి, అంతమేరకే కోయించండి. తరువాత పాపను కూర్చోబెట్టి, రెండు మడమలూ నేలకు ఆనాయో లేదో చూడండి.