పిల్లికి తగిన బరువు

పిల్లిని చూడని బాలుడుగాని బాలికగాని మనలో నుండరు. అయినను, ఎదిగిన పిల్లి యెంత బరువుండవలయునని యడిగినచో బదులు చెప్పగలవారు మిక్కిలి అరుదు. ఎద్దు చిక్కిపోయినచో రైతు ఆనాడే గుర్తించును. పిల్లి సంగతి యెవరికిని పట్టదు. అది బొద్దుగా నున్న ముద్దుచేయుదుము. సన్నగా నున్న ఎలుకలు దొరకలేదు కాబోలునని యూరకుందుము. ఈ రెండును దానికి మేలుగావు.

సాధారణముగా ఎదిగిన యింటిపిల్లి 3½ మొదలు 5 కిలోగ్రాముల వఱకు తూగును. తోకను విడిచి దేహము రమారమి 46 సెంటీమీటరుల పొడవును, తోక 30 సెంటీమీటరుల పొడవును ఉండును. భుజమువద్ద ఎత్తు 23 మొదలు 25 సెంటీమీటరులు. మగపిల్లి ఆడుపిల్లికంటె పెద్దది. కుక్కలలో 2 కిలోగ్రాములు తూగునవియు, 70 తూగునవియు గలవు. పిల్లులలో అంతటి భేదము లేదు. సింగపురా యను చిన్నజాతి ఆడుపిల్లి 2 కిలోగ్రాములే యుండవచ్చును. అమెరికాదేశపు మెయిన్ కూన్ జాతి మగపిల్లి 8 కిలోగ్రాముల దాక ఎదుగును. కావున ఒక్క సంఖ్యనే పిల్లులన్నిటికిని కొలతగా గొనరాదు.

అందుచే త్రాసుతోబాటు చేతిని గూడ వాడవలయును. పిడికిలి బిగించి వ్రేళ్ల కణుపులను తడవి చూడుడు. పిల్లి ప్రక్కటెముకలు అట్లు గట్టిగా తగిలినచో అది చిక్కినదని యర్థము. అరచేతిని తడవుడు. ఎముకలు అట్లు మెత్తని కండలో మునిగినచో బరువు మించినదని యర్థము. చేయి చాపి అరచేతి వెనుకతట్టు తడవినప్పుడు, పలుచని పొర క్రింద ఎముకలు తెలియును గదా. పిల్లి ప్రక్కలు అట్లుండుటయే ఆరోగ్యము. పైనుండి చూచినప్పుడు దాని నడుము కొంచెము సన్నగిలి కనబడవలయును. పిల్లి త్రాసుపై నిలువదేని, దానిని ఎత్తుకొని మనము తూగి, పిదప ఒంటరిగా తూగి, మొదటి బరువునుండి రెండవదానిని తీసివేసిన చాలును.

తగిన బరువుకంటె నూటికి 20 వంతులు మించినచో దానిని స్థూలకాయమని పశువైద్యులు చెప్పుదురు. 4 కిలోగ్రాముల పిల్లికి అది 800 గ్రాములు మాత్రమే. ఇది స్వల్పముగా తోచును; కాని 60 కిలోగ్రాముల మనుష్యునికి 12 కిలోగ్రాములు పెరిగినట్లే. అట్టి పిల్లికి మధుమేహమును, కీళ్లనొప్పులును సులభముగా వచ్చును. తన వీపును తాను నాకి శుభ్రపఱచుకొనుటయు కష్టమగును. ఆస్ట్రేలియాలో హిమ్మీ యను పిల్లి 21.3 కిలోగ్రాములు తూగి, 1986లో పదియేండ్ల ప్రాయమున మరణించెను. కీర్తికై జంతువులకు అమితముగా మేపుదురని తలచి, గిన్నిస్ రికార్డులవారు ఇట్టి బరువులను నమోదుచేయుట మానివేసిరి.

పిల్లికిని పాలకును గల చెలిమి సామెతలకెక్కినది. అయినను ఎదిగిన పిల్లులనేకములకు పాలు సరిగా జీర్ణము కావు. పిల్లి స్వభావముచే మాంసాహారి. టారిన్ అను పదార్థము దానికి అత్యవసరము. అది మాంసమందును చేపలయందును దొరకును. అది కొరవడినచో చూపును గుండెయు చెడును. కావున పాలన్నముతోనో పెరుగన్నముతోనో మాత్రమే పెంచుట తగదు. మఱియు పిల్లి ఒకేసారి కడుపునిండ తినునది కాదు. పలుమారులు కొంచెము కొంచెముగా తినుట దాని నైజము.

బరువు మించినదని తెలిసి పస్తుపెట్టుట మఱింత ప్రమాదకరము. లావైన పిల్లి కొన్ని దినములు తినకున్నచో దేహమందలి క్రొవ్వు కాలేయమునకు చేరి ప్రాణమునకే ముప్పు తెచ్చును. వారమునకు నూటికి ఒకటి రెండు వంతులకంటె తగ్గింపరాదు. అనగా 6 కిలోగ్రాముల పిల్లికి 60 మొదలు 120 గ్రాములు. చక్కగా తినుచున్న పిల్లి చిక్కిపోవుచున్నచో, కడుపులో పురుగులుగాని మఱియొక వ్యాధిగాని యుండవచ్చును. వెంటనే పశువైద్యునికి చూపవలయును.

పిల్లి తన బాధను మనతో చెప్పుకొనజాలదు, పైగా దాచుకొనును. నెలకొకసారి తూచి ఆ సంఖ్యను పలకమీదనో పుస్తకములోనో వ్రాసియుంచిన విద్యార్థి, ఆ మూగజీవి చెప్పలేని మాటను ముందుగా వినగలడు. దేవుడు మన చేతిక్రింద నుంచిన ప్రాణికి ముద్దుకంటె ఇట్టి శ్రద్ధయే మిన్న.