విల్లు చేసేవారి పనిముట్లు – మనకొక పాఠం

కొన్నేళ్ళ క్రితం మా షాపులో ఒక సీనియర్ ఫిట్టరు పదవీ విరమణ చేశారు. సభ జరిగింది. శాలువా కప్పి, ఆయన సేవలను కొనియాడాము. మరునాడు ఆయన అల్మరా ఖాళీ చేయించినపుడు అందులో ఒక చెక్క దిమ్మె, దానికి బిగించిన ఇత్తడి పట్టీ కనిపించాయి. అది దేనికో అక్కడున్నవారెవరూ చెప్పలేకపోయారు. స్క్రాపులో వేయమని చెప్పినది మేమే. మూడు నెలల తరువాత ఒక పంపు కప్లింగు సరిచేయవలసి వచ్చింది. ఆయన ఒక పూటలో ముగించే పనికి మాకు రెండు రోజులు పట్టింది. ఆయనకు కబురు చేయగా, "ఆ దిమ్మె ఉంది కదండీ, అది పెట్టి చూడండి" అన్నారు. దానికి మా వద్ద సమాధానం లేకపోయింది.

ఆ సంఘటన మనసులో మెదలుతూ ఉండగానే, కొయ్యతో విల్లు చేసేవారి గురించి చదివే అవకాశం మాకు కలిగింది. కర్మాగారానికీ వింటికీ సంబంధమేమిటని పాఠకులకు సందేహం కలగవచ్చు. సంబంధం ఉన్నది పనిముట్టులోను, దానిని పంచుకునే పద్ధతిలోను.

పోయిన విద్య, మిగిలిన విద్య

విల్లు మనకు కొత్తది కాదు. తాటి, వెదురు, కొయ్య, కొమ్ము – ఈ నాలుగింటితో విండ్లు చేస్తారని కౌటిల్యుని అర్థశాస్త్రం పేర్కొన్నది. నల్లమల చెంచుల చేతిలోని విల్లు మనమెరిగినదే. మన జాతీయ విలువిద్య పోటీలలో వెదురు వింటికి ప్రత్యేక విభాగమే ఉన్నది.

అయితే ఈ విద్య చేతి నుండి చేతికి అందవలసినదే గాని, వస్తువును చూసినంత మాత్రాన వచ్చేది కాదు. 1545లో మునిగిన 'మేరీ రోజ్' అనే ఇంగ్లీషు యుద్ధనౌకను 1982లో పైకి తీసినపుడు, ఆ శిథిలాలలో లభించిన 'యూ' కొయ్య విండ్లు వందకు పైమాటే. విండ్లు దొరికాయి, వాటిని చెక్కినవారి మాట మాత్రం వాటితోపాటు దొరకలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ అమెరికాలో ఉన్నది. యాహీ తెగలో చివరివాడుగా పేరొందిన ఇషీ 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ వద్ద బయటి లోకానికి కనిపించాడు. శాక్స్‌టన్ పోప్ అనే శస్త్రవైద్యుడు ఆయన వద్ద విల్లు చేయడం, వేయడం నేర్చుకున్నాడు. ఇషీ 1916లో క్షయతో మరణించాడు. పోప్ 1923లో గ్రంథం ప్రచురించాడు. మధ్య ఉన్న ఆ అయిదేళ్ళలో ఒక మనిషి చూపించి, మరొక మనిషి శ్రద్ధగా వ్రాసుకొని ఉండకపోతే ఆ విద్య ఇషీతోనే ముగిసిపోయి ఉండేది.

ఇంజనీరు దృష్టిలో విల్లు

విల్లు వంగినపుడు దాని బయటి వైపు సాగుతుంది, విలుకానికి ఎదురుగా ఉన్న లోపలి వైపు నలుగుతుంది. అందుచేత బయటి వైపున ఒకే వార్షిక వలయం కొన నుండి కొన వరకు తెగకుండా ఉండాలని పనివారు పట్టుబడతారు. వలయం తెగినచోట పీచు లేస్తుంది, విల్లు విరుగుతుంది.

బద్ద బిరుసుదనం వెడల్పుకు నేరుగా, మందానికి ఘనంగా మారుతుంది. వెడల్పు పదోవంతు తగ్గిస్తే బిరుసు పదోవంతే తగ్గుతుంది. మందం పదోవంతు తగ్గిస్తే దాదాపు 27 శాతం తగ్గిపోతుంది. అనగా 15 మిల్లీమీటర్ల బద్దపై ఒకటిన్నర మిల్లీమీటరు ఎక్కువ గీకితే విల్లు నాలుగోవంతుకు పైగా బలం కోల్పోతుంది. తీసిన కొయ్యను తిరిగి అతికించలేము. 1930ల దశకంలో హిక్‌మన్, క్లాప్‌స్టెగ్ వంటి భౌతిక శాస్త్రవేత్తలు ఈ విషయాలను కొలతలకు, సూత్రాలకు తెచ్చారు. కాని సూత్రం తెలిసినంత మాత్రాన చేయి ఆగవలసిన చోట ఆగదు. అందుకే పనిముట్టు కావలసి వచ్చింది.

ఇంటి పనిముట్లు

లోహపు కప్పీలతో కూడిన కాంపౌండు వింటికి 1969లో అమెరికాలో పేటెంటు లభించింది. కొయ్య విల్లు వెనుకబడింది. అయినా కొందరు అభిమానులు దానిని వదలలేదు. ఎవరి పెరట్లో వారు చేసుకున్న ప్రయోగాలను పత్రికలలో వ్రాసుకున్నారు, కలుసుకున్నచోట చూపించుకున్నారు. 1992లో పలువురు కలిసి వ్రాసిన 'ట్రెడిషనల్ బోయర్స్ బైబిల్' మొదటి సంపుటం వెలువడింది. నాలుగవది 2008లో వచ్చింది. వారు పంచుకున్న ఉపాయాలలో కొన్ని మన వర్కుషాపు మిత్రులకు ఆసక్తి కలిగిస్తాయని తలుస్తున్నాము.

మొదటిది గోడకు బిగించే నిలువు కొయ్య. పైన విల్లును పెట్టి, వింటినారికి స్ప్రింగు త్రాసు తగిలించి, క్రింది కప్పీ గుండా తాడు వేసి దూరంగా నిలబడి లాగుతారు. బద్ద రెండు వైపులా సమంగా వంగుతున్నదో లేదో ఎదురుగా కనిపిస్తుంది. ఎంత బరువుకు ఎంత లాగుడో త్రాసు చెబుతుంది. విల్లు విరిగినా ముక్కలు మనిషికి తగలవు. భద్రతాధికారులు మెచ్చే ఏర్పాటు ఇది.

రెండవది జానెడు లోపు చదునైన చెక్క దిమ్మె. మధ్యలో రంధ్రం చేసి పెన్సిలు దూర్చుతారు. వంచిన బద్ద లోపలి వైపు దిమ్మెను ఆనిస్తే, రెండు చివరలు తాకి మధ్యలో సందు ఏర్పడుతుంది. బాగా వంగినచోట ఉన్న సందుకు సరిపోయేలా పెన్సిలు మొన నిలిపి దిమ్మెను జరుపుకుంటూ పోతే, బిరుసుగా ఉన్నచోట మాత్రమే గీత పడుతుంది. గీత పడినచోట గీకాలి, పడనిచోట ముట్టరాదు. ఇరవై ఏళ్ళ అనుభవం గల కన్ను చేసే పనిని ఈ దిమ్మె కొత్తవాని చేత చేయిస్తుంది.

మూడవది ఆరబెట్టే పెట్టె. ప్లైవుడ్డు పెట్టెలో మామూలు వేడి బల్బులు పెట్టి, బద్దను ప్రతిదినం వంటింటి త్రాసులో తూస్తారు. బరువు తగ్గడం ఆగినపుడు ఆ గాలికి తగినంతగా ఆరిందని అర్థం. తేమ కొలిచే ఖరీదైన పరికరం అవసరం లేదు. ఇవిగాక పాత రంపపు ముక్కతో చేసిన గీకుడు రేకు, గుర్రపు గిట్టలు అరగదీసే పెద్ద ఆకురాయి, కాలితో తొక్కితే కొయ్యను పట్టి ఉంచే బల్ల – ఇలా ఎన్నో.

విరిగిన విల్లు కూడా పాఠమే

మమ్ములను ఎక్కువగా ఆకర్షించినది పనిముట్టు కన్నా దానిని పంచుకునే తీరు. వీరు విజయాన్ని మాత్రమే వ్రాయరు. విరిగిన వింటిని కూడా చూపి, ఎక్కడ విరిగిందో, ఏ తప్పు చేశారో చెబుతారు. ఒకరి దిమ్మెను మరొకరు చేసుకొని, దానికి మరొక మార్పు చేసి తిరిగి అందిస్తారు. పోటీ ఉన్నా దాపరికం తక్కువ.

మనకిది పూర్తిగా కొత్త కాదు. 1980లో హైదరాబాదు బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారంలో క్వాలిటీ సర్కిళ్ళు ప్రారంభం కావడం ప్రభుత్వరంగానికంతటికీ గర్వకారణం. సూచనల పథకాలు, బహుమతులు మనకున్నాయి. అయితే బహుమతికి తగినంత పెద్దదిగా తోచని చిన్న ఉపాయం అల్మరాలోనే ఉండిపోతుంది. తప్పిన ప్రయత్నం గురించి ఎవరూ చెప్పరు; చెబితే మాట పడవలసి వస్తుందని భయం. ఆ భయం కలిగించినవారిలో మావంటి అధికారులూ ఉన్నారని ఒప్పుకొనక తప్పదు.

అందుచేత ప్రతి షాపులోను ఒక పనిముట్ల పుస్తకం ఉంచాలని మా విన్నపం. ఒక్కొక్క పనిముట్టుకు ఒక పుట చాలు: చేతితో గీసిన బొమ్మ, అది ఏ పనికి, ఎక్కడ పనిచేయదు, చేసినవారి పేరు. పదవీ విరమణకు ఆరు నెలల ముందే ఆ మిత్రుని ప్రక్కన ఒక యువ కార్మికుని నిలబెట్టాలి. శాలువా తరువాతనైనా కప్పవచ్చు.

మా ఫిట్టరుగారిని మేము తిరిగి పిలిపించాము. ఆయన నొచ్చుకోలేదు. ఒక మధ్యాహ్నం కూర్చొని, ఇద్దరు కుర్రవాళ్ళ చేత అటువంటి దిమ్మెనే మళ్ళీ చేయించారు. ఇప్పుడది అల్మరాలో లేదు. అందరికీ కనిపించేలా గోడకు తగిలించి, ప్రక్కనే బొమ్మను అతికించాము. క్రింద ఆయన పేరు వ్రాశాము. ఇటీవల ఆ ఇద్దరిలో ఒకరు ఇత్తడి పట్టీకి బదులు స్టీలు పట్టీ వేసి, అది ఎందుకు మేలో రెండు వాక్యాలు చేర్చారు.