హీరో ఎంట్రీకి విజిల్స్ ఎందుకు? కెమెరా యాంగిల్ అసలు మ్యాజిక్ ఇదే!

హీరో ఇంకా ఒక్క డైలాగ్ కూడా చెప్పలేదు. అప్పుడే థియేటర్‌లో విజిల్స్! అతడు బలవంతుడని మనకెలా తెలిసింది? సగం పని కెమెరానే చేసేస్తుంది. అదెలాగో చూద్దాం..

లో యాంగిల్: కెమెరాను కింద పెట్టి పైకి చూపిస్తే మనిషి ఎత్తుగా, ఎదురులేనివాడిలా కనిపిస్తాడు. మాస్ ఎంట్రీలకు ఎక్కువగా వాడేది ఇదే. 1941లో వచ్చిన ‘సిటిజన్ కేన్’ కోసం దర్శకుడు ఆర్సన్ వెల్స్, కెమెరామెన్ గ్రెగ్ టోలాండ్ ఏకంగా సెట్‌ ఫ్లోర్‌కే గొయ్యి పెట్టించారు. ట్విస్ట్ ఏంటంటే.. ఆ సీన్‌లో కేన్ ఎన్నికల్లో ఓడిపోయి ఉంటాడు. ఖాళీ ఆఫీసులో ఆ భారీ ఆకారం మరింత ఒంటరిగా అనిపిస్తుంది. అంటే, ఒకే యాంగిల్‌కు ఒకే అర్థం ఉండదు. సందర్భమే ముఖ్యం.

హై యాంగిల్: ఇది రివర్స్. పైనుంచి చూపిస్తే మనిషి చిన్నగా, నిస్సహాయంగా కనిపిస్తాడు.

క్లోజప్, లాంగ్ షాట్: క్లోజప్‌లో కంటి తడి కూడా తెలుస్తుంది, కానీ పక్కన ఏం జరుగుతోందో కనిపించదు. లాంగ్ షాట్‌లో చుట్టుపక్కలంతా కనిపిస్తుంది, ముఖంలో భావం మాత్రం సరిగా అందదు.

స్టెడీక్యామ్ షాట్: ఆపరేటర్ ఒంటికి తగిలించుకుని పరుగెత్తినా ఇందులో పెద్దగా కుదుపు రాదు. 1989లో వచ్చిన ‘శివ’లో రామ్ గోపాల్ వర్మ, కెమెరామెన్ ఎస్. గోపాల్ రెడ్డి దీన్ని వాడారు. నాగార్జునతో పాటు మనమూ పరుగెడుతున్నట్టు అనిపించడానికి ఇదీ ఒక కారణం.

ఇదంతా సినిమాకే పరిమితం అనుకుంటే పొరపాటే! 2020లో కరోనా సమయంలో డెన్మార్క్‌ ఫొటోగ్రాఫర్లు ఒకే చోటును రెండు రకాలుగా తీసి చూపించారు. దూరం నుంచి టెలిఫొటో లెన్స్‌తో తీస్తే జనం ఒకరి మీద ఒకరు పడుతున్నట్టు ఉన్నారు. వైడ్ లెన్స్‌తో మరో యాంగిల్‌లో తీస్తే.. అదే జనం మధ్య చక్కగా దూరం ఉంది! రెండూ నిజమైన ఫొటోలే. మొదటిది మాత్రమే చూసినవాళ్లు ఏమనుకుంటారు? ‘వీళ్లకు బుద్ధి లేదా’ అని తిట్టుకుంటారు కదా.

అందుకే సభకు వచ్చిన జనం ఫొటో అయినా, గొడవకు సంబంధించిన పది సెకన్ల క్లిప్ అయినా.. ఫార్వర్డ్ చేసే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. కెమెరా ఎక్కడుంది? ఫ్రేమ్ బయట ఏముంది? మా టీవీలో వచ్చే విజువల్స్‌కూ ఇదే రూల్!