ప్రింటరు ఒకటే, భాషలు వేరు

పాఠశాల కార్యాలయములలో ఒకే ప్రింటరును నాలుగైదు కంప్యూటర్లు పంచుకొనుట పరిపాటి. ప్రింటరు ఒక కంప్యూటరునకు తగిలింపబడి యుండును. తక్కినవి నెట్‌వర్కు ద్వారా దానిని వాడుకొనును. ఆ కంప్యూటరును తీసి క్రొత్తదానిని పెట్టిననాడు చిక్కు మొదలగును. క్రొత్తదాని నుండి మార్కుల జాబితా చక్కగా అచ్చగును. ప్రయోగశాలలోని పాత కంప్యూటరు మాత్రము డ్రైవరు దొరకలేదని మొరాయించును. ఇక దానిని పాతసామానుల గదికి పంపవలసినదేనని చాలమంది అనుకొందురు. అది తొందరపాటు.

డ్రైవరు అనగా నేమి? మనము కంప్యూటరులో వ్రాసిన పుట ప్రింటరునకు నేరుగా అర్థము కాదు. ప్రింటర్లకు వేరే భాషలు కలవు. 1984 ప్రాంతమున వెలువడిన పోస్ట్‌స్క్రిప్ట్, పి.సి.ఎల్. అనునవి వానిలో ప్రసిద్ధములు. మన పుటను ఆ భాషలోనికి మార్చు దుబాసియే డ్రైవరు. ఈ దుబాసి నివాసము ప్రింటరు కాదు, కంప్యూటరు. కావున ప్రింటరు భాషయేగాక, తానున్న ఇంటి పద్ధతియు దానికి తెలిసియుండవలెను.

2021లో వచ్చిన విండోస్ 11లో 64 బిట్ల కూర్పు తప్ప వేరొకటి లేదు. విండోస్ 7లోనో 32 బిట్ల కూర్పు కూడ కలదు. పాత కంప్యూటరు ప్రింటరును కోరగానే, ప్రింటరు గల కంప్యూటరు తన యొద్దనున్న 64 బిట్ల డ్రైవరునే అందించును. 32 బిట్ల ఇంట అది పొసగదు. దీనికి విరుగుడు సులభమే. ప్రింటరు ప్రాపర్టీసులో ‘షేరింగ్’ పుటయందు ‘అడిషనల్ డ్రైవర్స్’ అను మీట కలదు. అందు ‘ఎక్స్86’ను గుర్తించి 32 బిట్ల డ్రైవరును కూడ చేర్చినచో, ఎవరికి తగినది వారికందును. ఐతే రెండు డ్రైవర్ల పేర్లు అక్షరము పొల్లుపోక ఒకటిగా నుండవలెను. పలువురు తడబడునది ఇచ్చటనే. 2021 ఆగస్టు నుండి, భద్రతా కారణములచే, ఇట్లు వచ్చు డ్రైవరును స్థాపించుటకు అడ్మినిస్ట్రేటరు అనుమతియు కావలసియున్నది.

ప్రింటరు పేరే పాత కంప్యూటరునకు కనబడనిచో, అది డ్రైవరు దోషము కాదు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పి, పంపకమునకు ‘ఎస్.ఎం.బి. 1’ అను పాత మర్యాదనే ఎరుగును. 2017 చివరి నుండి క్రొత్త విండోస్ కూర్పులు దానిని సామాన్యముగా స్థాపించుట లేదు. దానిని మరల తెరువుమని సలహా ఇచ్చువారు కలరు, వినరాదు. 2017 మే నెలలో లోకమును కలవరపెట్టిన ‘వన్నాక్రై’ పురుగు ప్రాకినది ఆ ద్వారముననే.

ఒక్కొక్కప్పుడు అచ్చు వచ్చును గాని, పుటల కొలది పిచ్చి గుర్తులే యుండును. కాగితమును పారవేయక మొదటి పంక్తిని చూడవలెను. అందు శాతపు గుర్తు, ఆశ్చర్యార్థకము, పిదప ఇంగ్లీషున పి, యస్ అను అక్షరములు కనబడినచో, పోస్ట్‌స్క్రిప్ట్ ఎరుగని ప్రింటరునకు పోస్ట్‌స్క్రిప్ట్ పంపబడినదని అర్థము. అది పి.సి.ఎల్. నెరిగినదైనచో, పాత కంప్యూటరులో పి.సి.ఎల్. డ్రైవరును పెట్టిన చాలును.

ప్రింటరునకే నెట్‌వర్కు తీగ తగిలించు వసతి యున్నచో మధ్యవర్తి అక్కరలేదు. పాత కంప్యూటరులో ప్రింటరు ఐ.పి. చిరునామా నిచ్చి, 9100 సంఖ్య గల పోర్టు ద్వారా నేరుగా పంపవచ్చును. అదే సంస్థవారి పాత నమూనా డ్రైవరు సైతము తరచు సరిపోవును. కాగితమునకు రెండు ప్రక్కల అచ్చువేయుట వంటి సౌకర్యములు మాత్రము అందకపోవచ్చును. ‘జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ’ డ్రైవరుతో తెలుగు లిపి రాదు.

చౌక ప్రింటర్లు కొన్నింటికి ఈ సామాన్య భాషలేవియు రావు. చుక్కచుక్కను కంప్యూటరే గుణించి పంపవలెను. వానికి తయారీదారు పాత విండోస్‌కు డ్రైవరు నీయనిచో, పాత కంప్యూటరులో లిబ్రెఆఫీస్ వంటి దానితో పుటను పి.డి.ఎఫ్.గా మార్చి, క్రొత్త కంప్యూటరు నుండి అచ్చు తీయవచ్చును. ఫాంటు ఫైలులోనే ఇమిడి వచ్చుటచే, క్రొత్తదానిలో ఆ తెలుగు ఫాంటు లేకున్నను ఒత్తులు, గుణింతములు చెదరవు.