ట్రాక్టరు వెంట నడచు ట్రక్కు

విజయవాడకు దిగువగా కృష్ణ ఎడమ కరకట్ట వెంట పోవు బాటసారికి తోట్లవల్లూరు ప్రాంతమున చెరకు, పసుపు, అరటి, కంద మున్నగు పైరులు ఒకదాని వెంట ఒకటి కనుపట్టును. ఆ పంట పొలము వదలి ఇంటికో, అంగడికో, ఉయ్యూరు చక్కెర కర్మాగారమునకో చేరవలెనన్న నేడు దిక్కైన వాహనము ట్రాక్టరునకు తగిలించిన ట్రక్కు. ట్రాక్టరు గుఱ్ఱపు బలమెంతయో, అది ఏ కంపెనీదో ఊరిలోని బాలురు సైతము శబ్దము విని చెప్పగలరు గాని, దాని వెనుక బరువంతయు మోయు ఆ ఇనుప తొట్టి ఎక్కడ పుట్టినదో, ఏ సూత్రమున నడచుచున్నదో విచారించినవారు అరుదు. ఆ చరిత్ర విచారింపదగినదే. అందు తరతరముల నేర్పు కలదు, నేటికిని తీరని లోపమొకటియు కలదు.

మన ట్రక్కునకు పూర్వజ రెండెడ్ల బండి. ఐ.సి.ఎస్. కొలువు విడిచిన వెలగపూడి రామకృష్ణగారు 1941లో ఉయ్యూరు చక్కెర కర్మాగారమును చేపట్టిన తరువాత చాలకాలము చుట్టుపట్ల గ్రామముల చెరకు బండ్లమీదనే కాటాకు చేరెడిది. ఆ బండిపై మోపులు పేర్చు రైతు మొదట చూచునది మొగ్గు. ఇరుసునకు వెనుక బరువు హెచ్చినచో కాడి పైకి లేచి ఎడ్ల మెడత్రాళ్ళు బిగిసి వాటికి ఊపిరాడదు; ముందు హెచ్చినచో మూపులు పుండ్లగును; కావున కాడి మూపులపై తేలికగా ఆని యుండునంత మాత్రపు ముందు మొగ్గు ఉంచి, మోకు బిగించి, బండి తోలెడివారు. ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. కరకట్ట దిగునప్పుడు బండి ముందుకు త్రోయగా ఎడ్లు కాళ్ళు నిగుడదన్ని, కాడిని మెడలతో వెనుకకు ఒత్తి బండిని నిలువరించెడివి. అనగా లాగెడు శక్తియు, ఆపెడు శక్తియు ఆ ఒక్క కాడియందే ఇమిడి యుండెను. ట్రక్కు కథ అంతయు ఈ రెండు శక్తులు వేరుపడిన కథయే యని నా అభిప్రాయము.

మోటారు బండి వెనుక మరియొక బండిని కట్టు ఆలోచన పాశ్చాత్య దేశములలో కొంతవరకు విహారము కొఱకే వృద్ధి పొందినదనుట వింతగా తోచును. నౌకాదళ వైద్యుడును కథారచయితయు అగు గోర్డన్ స్టేబిల్స్ 1885లో ‘వాండరర్’ అను ఇంటిబండిని కట్టించి, దానికి రెండు గుఱ్ఱములను పూన్చి ఇంగ్లండునుండి స్కాట్లండు వరకు విహరించెను. పిమ్మట గుఱ్ఱముల స్థానమున మోటారు వచ్చెను. 1914లో డిట్రాయిట్ నగరమున ఆగస్ట్ ఫ్రూహాఫ్ అను కమ్మరి కడకు ఫ్రెడరిక్ సిబ్లీ అను కలప వర్తకుడు వచ్చి, తన పడవను సరస్సు వద్దకు కొనిపోవుటకు ఫోర్డు మోడల్-టి కారునకు తగిలించదగిన బండి కావలెనని కోరెను. పడవ సుఖముగా చేరుటతో ఆ వర్తకుడే కలప మోయుటకును అట్టివి కావలెననగా, 1918 నాటికి ఆ కమ్మరి కొలిమి ట్రెయిలర్ కంపెనీగా మారెను. పిదప 1930 దశకమున వాలీ బయమ్ అను అమెరికనుడు ‘ఎయిర్‌స్ట్రీమ్’ పేర అల్యూమినియము రేకుల విహారగృహములను కార్ల వెంట నడిపించెను.

నేడు అమెరికాలోని మన తెలుగు కుటుంబమొకటి పికప్ బండి వెనుక చిన్న విహారగృహమును తగిలించుకొని వేసవిలో జాతీయవనములకు పోదలచినచో, ఆ దేశపు నిపుణులు వారికి చెప్పు మొదటి హితవు మన బండి రైతు ఎరిగినదే: విహారగృహపు మొత్తము బరువులో నూటికి పది మొదలు పదిహేను పాళ్ళు కొక్కెముపై ఆనునట్లు సామాను సర్దుకొనవలెను. గంటకు తొంబది, నూరు కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు ఇరుసు వెనుక బరువు మించినచో, ప్రక్కగా దూసుకొనిపోయిన లారీ గాలి తాకుడుకే వెనుకబండి తోకవలె ఊగ నారంభించి, ఒక్కొక్క ఊపునకు మరింత పెరిగి, తుదకు ముందున్న బండినే పల్టీ కొట్టించును. బరువు ముందుకు ఉన్నచో ప్రతి ఊపును తనంతట తానే అణగిపోవును.

ఇక ట్రాక్టరు సంగతి. 1892లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున జాన్ ఫ్రోలిక్ పెట్రోలు ఇంజనుతో ముందునకును వెనుకకును నడచు ట్రాక్టరును నిర్మించెను. 1917 మొదలుకొని హెన్రీ ఫోర్డు ఫోర్డ్‌సన్ ట్రాక్టరును వేలకొలదిగా విడుదల చేసెను. ఆ ఫోర్డ్‌సన్‌కు ప్రాణాంతకమైన దోషమొకటి ఉండెను. వెనుక తగిలించిన నాగలి రాతికో, మొద్దుకో తట్టుకొని ఆగినచో ఇంజను త్రిప్పుడు ఆగక, చక్రములు తిరుగజాలక, ట్రాక్టరు ముందుభాగమే ఇరుసు చుట్టును పైకి లేచి నడుపువానిపై తలక్రిందులుగా పడెడిది. ఐర్లండు దేశీయుడగు హారీ ఫెర్గూసన్ ఈ ఆపదను నివారింప బూని, పనిముట్టును మూడు చోట్ల పట్టి హైడ్రాలిక్ శక్తితో ఎత్తి దింపు పద్ధతికి 1926లో పేటెంటు పొందెను. నేడు ప్రతి ట్రాక్టరు వెనుకను కనుపించు మూడు చేతుల అమరిక అదియే.

అయినను ఇనుప పండ్ల చక్రములున్నంత కాలము ట్రాక్టరు పొలమునకే పరిమితము; అది రోడ్డెక్కినచో రోడ్డును చెఱచును. 1932లో అల్లిస్-చామర్స్ కంపెనీ ఫైర్‌స్టోన్ వారి గాలి టైర్లను ట్రాక్టరునకు తొడుగుటతో దుక్కి యంత్రము మోతయంత్రము కూడ అయ్యెను. ఫెర్గూసన్ తన ట్రాక్టరునకు తగిన రెండు చక్రముల ట్రక్కును రూపొందించునప్పుడు ఇరుసును బాగుగా వెనుకకు జరిపి, సరకు బరువులో ఒక భాగము ట్రాక్టరు వెనుక చక్రములపై పడునట్లు చేసెను. బరువు పెరిగినకొలది చక్రముల పట్టును పెరుగును. ఎడ్ల మూపుపై మొగ్గు ఉంచిన రైతు వివేకమే ఇచట ఇనుమున పోత పోసికొన్నది.

ఆ ఫెర్గూసన్ ట్రాక్టరు చేసిన యాత్ర ఒకటి చెప్పక విడువరాదు. ఎవరెస్టు నెక్కిన ఎడ్మండ్ హిల్లరీ దక్షిణధ్రువ యాత్రకు బయలుదేరి, మంచుపై జారకుండ గొలుసుపట్టాలు తొడిగిన టి.ఇ.-20 ఫెర్గూసన్ ట్రాక్టర్లతో, సరకుల స్లెడ్జిలను, వాటితో పాటు పండుకొనుటకు వీలైన చిన్న గదిబండిని ఈడ్చుకొని పోయి 1958 జనవరి 4న ధ్రువమును చేరెను. పొలము దున్నుటకు పుట్టిన యంత్రము, వెనుకనే ఇంటిని లాగుచు, భూగోళపు కొసను తాకినది. మానవ ప్రతిభకు ఇంతకంటె నిరాడంబరమైన సాక్ష్యము నాకు స్ఫురించుట లేదు.

ఫెర్గూసన్ కంపెనీ 1953లో మాసీ-హారిస్‌తో కలిసెను. ఆ మాసీ ఫెర్గూసన్ సహకారముతోనే 1960లో మద్రాసున టాఫే సంస్థ వెలసెను. దానికి ఒక యేడు ముందే ఐషర్ సంస్థ ఫరీదాబాదున స్వదేశమున తొలి ట్రాక్టరును తయారుచేసెను. ఇట్లు ధ్రువము చేరిన ట్రాక్టరు వంశాంకురములే దరిమిలా మన డెల్టా మాగాణులలో దమ్ము చేయుటకును, దమ్ము చక్రములు విప్పి రబ్బరు టైర్లు తొడిగి ట్రక్కు లాగుటకును వచ్చినవి.

మన ప్రాంతమున రెండు విధముల ట్రక్కులు తిరుగుచున్నవి. రెండు చక్రములది కొంత బరువును ట్రాక్టరుపై ఉంచును; నాలుగు చక్రములది తన బరువును తానే మోయుచు, ముందు ఇరుసును గుండ్రని పళ్ళెముపై తిరుగనిచ్చును. ఇసుక నింపుకొని ఏటిలోనుండి రేవు బాటపై కరకట్ట ఎక్కు రెండు చక్రముల ట్రక్కును గమనించినచో భౌతికశాస్త్రమంతయు అచట కన్నులకు కట్టును. ఎక్కుడున సరకు వెనుకకు ఒరగును, ట్రాక్టరు ముందు చక్రములు తేలికపడును. కొక్కెమును ఇరుసుకంటె ఎత్తున తగిలించినచో లాగుడే ట్రాక్టరును వెనుకకు పడద్రోయును. అట్లు తిరుగబడుటకు రెండు సెకన్లు చాలును. నడుపువానికి తప్పించుకొను వ్యవధి ఉండదు. కొక్కెము తగిలించు కడ్డీ, అనగా డ్రాబారు, క్రిందుగా ఉండవలెననుట ఇందుకే.

వెనుకకు నడుపుట వేరొక విద్య. రెండు చక్రముల ట్రక్కును కుడికి పంపవలెనన్న స్టీరింగు ముందుగా ఎడమకు త్రిప్పవలెను. నాలుగు చక్రములదానికి కీళ్ళు రెండు, కావున తిరుగుడును రెండింతలు చిక్కు. ఇరుకు పుంతలో దానిని వెనుకకు పోనిచ్చు యువకుని నేర్పు ఏ శిల్పి నేర్పునకును తీసిపోదు.

ఇంత నేర్పు ఇమిడిన ఈ వాహనమున తీరని లోపము బ్రేకు. రెండు టన్నుల ట్రాక్టరు వెనుక, సరకుతో ఆరు టన్నులు తూగు నాలుగు చక్రముల ట్రక్కు ఉన్నదనుకొందము. ట్రక్కునకు స్వంత బ్రేకు లేనిచో ఎనిమిది టన్నులను రెండు టన్నుల యంత్రపు పట్టే ఆపవలెను. కావున ఒంటరి ట్రాక్టరు ఆగు దూరమునకు నాలుగింతలు పోయిన తరువాత గాని అది ఆగదు. వేగము రెట్టింపైనచో ఆ దూరము మరల నాలుగింతలగును. మలుపున ఆపబోయినచో ట్రక్కు వెనుకనుండి త్రోయగా ట్రాక్టరు ప్రక్కకు తిరిగి, రెండును కొక్కెము కడ మడతపడును. దమ్ములో చప్పున మళ్ళుటకై ట్రాక్టరు కుడి, ఎడమ చక్రములకు వేరువేరు బ్రేకు పెడలులు పెట్టుట మంచిదే గాని, రోడ్డెక్కునప్పుడు వానిని జతపరచు కొక్కి వేయుట మరచినచో ఒక చక్రమే ఆగి, బండి రోడ్డునకు అడ్డముగా తిరుగును.

ఐరోపా దేశములలో విహారబండ్లకు వాడు ఉపాయమొకటి ఇచట స్మరణీయము. ముందుబండి నెమ్మదించినంతనే వెనుకబండి త్రోయును గదా. ఆ త్రోపునే కొక్కెము వద్ద ఒక కడ్డీ గ్రహించి వెనుకబండి బ్రేకును తానే బిగించును. ఎంత త్రోసిన అంత బిగింపు. ఎడ్లు మెడలతో కాడిని ఒత్తి చేసిన పని ఇదియే. ట్రాక్టరు వచ్చుటతో మనము పోగొట్టుకొన్న రెండవ శక్తిని ఇది తిరిగి తెచ్చియిచ్చును. దీనిలో మన పనివారికి అలవికాని రహస్యమేమియు లేదు.

కావున విజయవాడ ఆటోనగర్‌లోను, ఇతర పట్టణముల వెల్డింగు షాపులలోను ట్రక్కులు కట్టు పనివారికిని, కట్టించుకొను రైతు సోదరులకును నా విన్నపమిది: తొట్టి ఎత్తు పెంచుటకు ముందు దానికొక బ్రేకు పెట్టించుడు, కొక్కెపు పిన్నునకు క్లిప్పు, దానికి తోడుగా గొలుసు తగిలించుడు, చెరకు గడలు వెనుకకు ఎంత పొడుచుకొని వచ్చినను మరుగుపడని చోట ఎఱ్ఱని దీపమును, మెరయు పట్టీలను అమర్చుడు. బందరు రోడ్డుపై చీకటిలో వచ్చు మోటారుసైకిలు వానికి ట్రాక్టరు ముందు దీపములు కానరావు. వానికి ఎదురగునది ట్రక్కు వెనుకభాగము మాత్రమే.